పదకొండు మిల్లీమీటర్ల పంతం

రెండు కెమెరాల్లో ఏది మేలు అన్న మాట రాగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, ఎన్ని మెగాపిక్సెళ్లు? రెండోది, జూమ్ ఎంత? ఈ రెండింటికీ జవాబు దొరికితే బేరం తెగినట్టే. ఆ లెక్కన చూస్తే నేను ఎత్తుకున్న పోటీలో వాదనకు చోటే లేదు. 2002లో కొద్ది నెలల తేడాతో జపాన్ నుంచి రెండు బుల్లి కెమెరాలు వచ్చాయి. ఒకటి మినోల్టా వారి డిమాజ్ ఎక్స్. దాదాపు 20 లక్షల పిక్సెళ్లు, 3 రెట్ల జూమ్, దూరాన్ని బట్టి తనంతట తానే ఫోకస్ సరిచేసుకునే లెన్సు. రెండోది క్యాసియో వారి ఎక్సిలిమ్ ఈఎక్స్-ఎస్1. పిక్సెళ్లు 12 లక్షల చిల్లర, జూమ్ లేదు, ఫోకస్ చేసుకునే ఏర్పాటూ లేదు. మినోల్టాదే గెలుపు అని తీర్పు చెప్పేసి లేచిపోవచ్చు. నేను లేవను. ఇరవై ఏళ్లు దాటాక ఇప్పుడు కూడా, ఈ రెండింట్లో జేబు కెమెరా అనే పేరుకు తగింది క్యాసియోనే అంటాను.

పోటీ సమానుల మధ్యే. రెండింటిలోనూ వెలుగును బొమ్మగా మార్చే సెన్సరు పరిమాణం ఒకటే, సీసీడీ అనే రకంలో 1/2.7 అంగుళాలది. ఆన్ చేయగానే చూసే వెడల్పు కూడా ఒకటే. ఫిల్ము కెమెరా లెక్కలో అది 37 మిల్లీమీటర్ల లెన్సుకు సమానం. ఈ అంకె చిన్నదైతే దృశ్యం వెడల్పుగా, పెద్దదైతే దగ్గరగా కనిపిస్తుంది. రెండింటికీ ఎస్‌డీ కార్డు, చిన్న లిథియం బ్యాటరీ, వెనక అంగుళంన్నర అటూ ఇటుగా తెర, కంటికి ఆనించుకుని చూడటానికి ఒక బుల్లి గాజు కిటికీ ఉన్నాయి. రెండూ గురి పెట్టింది చొక్కా జేబుకే. ఆ జేబులో దూరడం కోసం ఒక్కొక్కటీ దేన్ని వదులుకుంది, దేన్ని పట్టుకుని వేలాడింది అన్న చోటే అసలు తేడా.

కెమెరాను పలచగా చేయడం ఎందుకంత కష్టమో ముందు చెప్పాలి. జూమ్ లెన్సు అంటే ఒకదాని వెనక ఒకటి పేర్చిన గాజు బిళ్లల వరస. ఆ బిళ్లల మధ్య దూరం మారితేనే దృశ్యం దగ్గరికి వస్తుంది, దూరం జరుగుతుంది. కాబట్టి లెన్సుకు ముందు నుంచి వెనక్కి చోటు కావాలి. వాడనప్పుడు గొట్టాలను ఒకదానిలో ఒకటి ముడిచి లోపలికి లాక్కుంటే కొంత కలిసివస్తుంది. 2000లో కెనాన్ తెచ్చిన మొదటి డిజిటల్ ఇక్సస్ చేసింది ఆ పనే. 2 రెట్ల జూమ్‌తో, 26.9 మి.మీ. మందంతో, 190 గ్రాముల బరువుతో వచ్చింది. ఆ నాటికి అది ముచ్చటైన వస్తువు, సందేహం లేదు. కానీ చొక్కా జేబులో వేస్తే జేబు కిందికి జారేది. ఆన్ చేస్తే మోటారు గుర్రుమని, గొట్టం బయటికి వచ్చి నిలబడేదాకా మనం ఆగాలి. ఎదురుగా నవ్వుతున్నవాళ్లూ ఆగాలి.

ఆ రోజుల్లో తెలుగు ఇళ్లలో ఫొటో అంటే ఇంకా రీలే. 36 ఫొటోల రీలు కొనుక్కుని, పండక్కి పది, పుట్టినరోజుకి ఆరు అన్నట్టు పొదుపుగా వాడి, స్టూడియోలో ఇచ్చి కడిగించుకునేవారు. డిజిటల్ కెమెరా చాలా ఇళ్లకు దుకాణం నుంచి రాలేదు. సెలవులకు వచ్చిన అమెరికా బంధువుల పెట్టెలోంచి, చాక్లెట్లతో సెంటు సీసాలతో పాటు దిగింది. దిగాక ఏమైంది? బీరువాలో పట్టుచీరల మడతల మధ్యకు చేరింది. ఖరీదైన వస్తువు కదా, పిల్లల చేతికి అందకూడదు. పెళ్లికో, తిరుపతి ప్రయాణానికో బయటికి తీసేవారు. అప్పటికి బ్యాటరీ అయిపోయి ఉండేది. జేబు కెమెరా అనే ఆలోచన పోరాడాల్సింది ఈ బీరువాతోనే అని నా అభిప్రాయం. జపాన్‌లోనైనా అమెరికాలోనైనా అక్కడి బీరువా అక్కడా ఉంటుంది, పేరు వేరు కావచ్చు.

మినోల్టా ఈ సమస్యను ఇంజనీరు బుర్రతో పట్టుకుంది. లెన్సు ముందు నుంచి వెనక్కే పొడవు ఉండాలని ఎవరన్నారు, పై నుంచి కిందికి ఉండకూడదా అని అడిగింది. డిమాజ్ ఎక్స్ ముఖం మీద పై మూలన చిన్న గాజు కన్ను ఉంటుంది. వెలుగు అక్కడ లోపలికి అడుగు పెట్టగానే ఒక గాజు పట్టకం దాన్ని 90 డిగ్రీలు కిందికి తిప్పేస్తుంది. అక్కడి నుంచి లెన్సు బిళ్లలన్నీ కెమెరా ఎత్తు పొడుగునా నిలువుగా ఉంటాయి. జూమ్ చేస్తే అవి లోపలే పైకీ కిందికీ జరుగుతాయి. అడుగున సెన్సరు పైకి చూస్తూ వెల్లకిలా పడుకుని ఉంటుంది. బయటికి ఏదీ పొడుచుకు రాదు. 84.5 మి.మీ. వెడల్పు, 72 మి.మీ. ఎత్తు, 20 మి.మీ. మందం. బ్యాటరీ కాకుండా 135 గ్రాములు. ఇందులో 37 నుంచి 111 మిల్లీమీటర్ల దాకా నిజమైన జూమ్. బొమ్మను కత్తిరించి పెద్దది చేసే బూటకపు జూమ్ కాదు. వినియోగదారుల డిజిటల్ కెమెరాల్లో ఇలా వెలుగును మడిచిన మొదటి జూమ్ లెన్సు ఇదే.

చేతిలోకి తీసుకుంటే ఇంకా నచ్చుతుంది. నలుచదరానికి దగ్గరగా ఉన్న వెండి బిళ్ల. ముందు భాగమంతా చదును, ఎక్కడా ఉబ్బు లేదు. జూమ్ మీట నొక్కితే లోపల ఏదో కదులుతున్న సన్నని చప్పుడు వినిపిస్తుంది కానీ కంటికి ఏమీ కనిపించదు. మొదటిసారి చూసినవాళ్లెవరైనా తిప్పి ముందువైపు చూస్తారు, లెన్సు ఏదీ అని. ఇబ్బంది ఒక్కటే. లెన్సు మూలన ఉండటంతో, రెండు చేతులా కెమెరా పట్టుకునే అలవాటున్నవారి వేలు ఫొటోలోకి వచ్చి కూర్చుంటుంది. అది ఆ డిజైనులో పుట్టిందే. కన్ను పైన లేకపోతే కింద లెన్సుకు చోటుండదు.

మినోల్టా ఇంత తెలివి చూపడంలో ఆశ్చర్యం లేదు. 1985లో మినోల్టా 7000తో, ఆటోఫోకస్‌ను కెమెరా ఒంట్లోనే ఇమిడ్చి, లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరాల, అంటే ఎస్ఎల్ఆర్‌ల, ప్రపంచాన్ని కుదిపేసింది ఈ సంస్థే. లెన్సులు, ఫోకస్ వాళ్ల కులవిద్య. అందుకే మందం తగ్గించమంటే లెన్సులో ఒక్క గుణం కూడా వదులుకోకుండా తగ్గించే దారి వెతికారు.

క్యాసియోది ఆ వంశం కాదు. ఆ సంస్థ బతుకంతా లెక్కల యంత్రాలే. 1957లో వాళ్ల మొదటి విద్యుత్ కాలిక్యులేటర్ 14-ఏ బరువు 140 కిలోలు, చూడటానికి బల్లంత. 1983 నాటికి వాళ్లే ఎస్ఎల్-800 అనే కాలిక్యులేటర్ చేశారు. మందం 0.8 మిల్లీమీటర్లు, బరువు 12 గ్రాములు. పాతికేళ్లలో 140 కిలోల నుంచి 12 గ్రాములకు దిగినవాళ్లకు పలచదనం అంటే ఏమిటో వేరే చెప్పాలా? మన ఇంజనీరింగ్ కాలేజీల్లో సెమిస్టర్ పరీక్షకు హాల్ టికెట్టుతో పాటు జేబులో పెట్టుకునే సైంటిఫిక్ కాలిక్యులేటర్ మీద ఉండే పేరు కూడా ఇదే. ఫొటోగ్రాఫర్లు ఈ సంస్థను కెమెరా కంపెనీగా ఏనాడూ పెద్దగా లెక్కచేయలేదు. అయితే 1995లో వెనక తెర ఉన్న డిజిటల్ కెమెరాను మామూలు జనం చేతికి తెచ్చిన క్యూవీ-10 వీళ్లదే. తీసిన ఫొటో వెంటనే తెర మీద చూసుకోవచ్చని నేర్పింది అదే. ఆ ఫొటోలో పావు మెగాపిక్సెలే ఉంది, ఎవరూ పట్టించుకోలేదు.

ఎక్సిలిమ్ దగ్గరికి వచ్చేసరికి క్యాసియో అడిగిన ప్రశ్న వేరు. లెన్సును ఎలా మడవాలి అని కాదు, అసలు ఈ లెన్సులో ఇంత సరంజామా ఎందుకు అని. జూమ్ తీసేసింది. ఫోకస్ మోటారు తీసేసింది. లోపలి చిప్పులను ఒకే గుత్తిగా కుదించింది. మిగిలింది 88 మి.మీ. వెడల్పు, 55 మి.మీ. ఎత్తు, 11.3 మి.మీ. మందం, బ్యాటరీ లేకుండా 86 గ్రాములు. క్రెడిట్ కార్డుకు రెండు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ. మినోల్టా ఎంత మడిచినా 20 దగ్గర ఆగింది. క్యాసియో 11 దాకా దిగింది. ఈ తొమ్మిది మిల్లీమీటర్లను కాగితం మీద చూస్తే నవ్వొస్తుంది. జేబులో వేసుకుని రోజంతా తిరిగితే తెలుస్తుంది. 20 మి.మీ. వస్తువు జేబులో ఉన్నట్టు గుర్తు చేస్తూ ఉంటుంది. 11 మి.మీ. వస్తువును మరిచిపోతాం. మరిచిపోయేంత తేలికగా ఉన్న కెమెరా మాత్రమే రోజూ వెంట వస్తుంది.

ఫోకస్ లేదంటే మసకగా వస్తుందని అనుకోకండి. ఇక్కడ కొంచెం లెక్క ఉంది, అదే నాకు ఈ కెమెరాలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం. సెన్సరు చిన్నదైనప్పుడు లెన్సు అసలు ఫోకల్ దూరం, అంటే మిల్లీమీటర్లలో చెప్పే ఆ కొలత, కూడా చిన్నదవుతుంది. 37 మి.మీ.కి సమానం అని చెప్పుకున్నా ఇందులో ఉన్నది నిజానికి 6 మిల్లీమీటర్లకు లోపే. ఎంత దూరం నుంచి అనంతం దాకా అన్నీ స్పష్టంగా కనిపిస్తాయన్నది ఫోకల్ దూరం వర్గాన్ని బట్టి మారుతుంది. మిగతావేవీ మార్చకుండా ఫోకల్ దూరాన్ని సగం చేస్తే ఆ దూరం నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి ఇంత పొట్టి లెన్సును ఒకచోట బిగించి వదిలేసినా, ఒక మీటరు నుంచి ఎదురుగా ఉన్న కొండ దాకా అన్నీ తేటగా వస్తాయి. ఇక రెండో సంగతి. ఎంత మసకను మసక అనాలి అన్నది పిక్సెల్ పరిమాణం చెబుతుంది. అదే సెన్సరు మీద 20 లక్షల పిక్సెళ్లు కుక్కితే ఒక్కొక్కటీ సన్నదై, లెన్సు చేసిన చిన్న తప్పును కూడా పట్టి చూపిస్తుంది. 12 లక్షలే ఉంటే పిక్సెళ్లు కాస్త పెద్దవి, వాటికి ఆ తప్పు తెలియదు. అంటే క్యాసియోలో పిక్సెళ్లు తక్కువ ఉండటం, ఫోకస్ లేకపోవడం అనేవి రెండు వేర్వేరు లోపాలు కావు. ఒకదాన్ని ఆసరా చేసుకుని రెండోది నిలబడింది. పట్టికలో ఈ రెండింటినీ వేర్వేరు గళ్లలో రాసి, రెండుసార్లు మార్కులు కోయడం అన్యాయం.

మార్కులు రావలసిన గడి మాత్రం ఆ పట్టికలో ఉండదు. బటన్ నొక్కాక ఎంతసేపటికి ఫొటో పడుతుంది?

ఆ కాలపు కెమెరాలు వాడినవాళ్లకు ఈ బాధ గుర్తుండే ఉంటుంది. బటన్ నొక్కుతాం. కెమెరా ఆలోచిస్తుంది. లెన్సు ముందుకు జరిపి చూసి, వెనక్కి జరిపి చూసి, ఎక్కడ గీతలు పదునుగా ఉన్నాయో పోల్చుకుని, అప్పుడు క్లిక్ అంటుంది. వెలుగు తక్కువైతే ఆ వెతుకులాట ఇంకా సాగుతుంది. ఈలోగా పిల్లాడు తల తిప్పేస్తాడు. క్యాసియోలో వెతకడానికి ఏమీ లేదు. నొక్కడానికీ ఫొటో పడటానికీ మధ్య 0.01 సెకను అని సంస్థ ప్రకటించింది. ఆన్ చేసిన సెకనుకు సిద్ధం అని కూడా చెప్పింది.

పెళ్లి పీటల దగ్గర చూడండి. తలంబ్రాల ఘట్టం. మొదటి దోసిలి వధువు పోస్తుంది, రెండోది వరుడు, మూడో దోసిలి నుంచి క్రమం ఉండదు. పళ్లెంలో చేతులు పడతాయి, ముత్యాలు కలిపిన బియ్యం ఇద్దరి తలల మీదా ఒకేసారి లేస్తుంది, పక్కనున్న ఆడపడుచు అరుస్తుంది, వరుడు కళ్లు మూసుకుంటాడు. ఆ బియ్యం గాలిలో ఉండే వ్యవధి అర సెకనుకు కొంచెం అటూ ఇటూ. ఫోకస్ వెతుక్కునే కెమెరాకు అప్పటికే ఒడిలో పడిన బియ్యం దొరుకుతుంది. బిగించి వదిలేసిన లెన్సుకు గాలిలో ఉన్న బియ్యం దొరుకుతుంది, కొన్ని గింజలు ఫ్లాష్‌కు తెల్లగా మెరుస్తూ. బటన్‌ను సగం నొక్కి ముందే ఫోకస్ పట్టించుకోవచ్చు కదా అని తెలిసినవాళ్లు అంటారు. నిజమే, మినోల్టాతోనూ అలా తీయొచ్చు. కానీ పెళ్లిలో కెమెరా ఒకరి చేతిలో ఉండదు. పిన్ని చేతికి వెళ్తుంది, బావ చేతికి వెళ్తుంది, ఎనిమిదేళ్ల పిల్ల చేతికి వెళ్తుంది. సగం నొక్కడం వీళ్లెవరికీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

ఇక మినోల్టా తరఫున మాట్లాడాల్సింది మాట్లాడాలి. ఆ పెళ్లిలోనే, వేదికకు ఇరవై అడుగుల దూరంలో కుర్చీలో కూర్చున్న మామయ్యకు క్యాసియో ఇస్తే ఫొటోలో షామియానా, పూల పందిరి, దాని కింద రెండు చుక్కలు వస్తాయి. డిమాజ్ ఎక్స్‌తో మొహాలు వస్తాయి. దగ్గరి వస్తువుల సంగతి చెప్పనక్కర్లేదు. మినోల్టా 25 సెంటీమీటర్ల దాకా ఫోకస్ చేస్తుంది, అది కూడా జూమ్‌లో ఎక్కడున్నా సరే. వెండి పళ్లెం మీద చెక్కిన పేరు, గోరింట పెట్టుకున్న చెయ్యి, పాత ఉత్తరం, అన్నీ చదువుకునేంత తేటగా వస్తాయి. క్యాసియోతో మీటరు లోపలికి వెళ్తే అంతా పొగమంచే. చేయి చాచి తన ఫొటో తానే తీసుకోవాలన్నా కష్టమే, మన చేయి పొడవు మీటరు ఉండదు కదా. ఇంటికంతటికీ ఒకే కెమెరా కొనాలి, పదేళ్లు అదే వాడాలి అని ఎవరైనా 2002లో అడిగి ఉంటే మినోల్టా కొనమని చెప్పడమే న్యాయం. నేను వాదిస్తున్నది ఏది ఎక్కువ పనులు చేస్తుందని కాదు.

పిక్సెళ్ల మాటకు మాత్రం నేను లొంగను. 1280 అడ్డం, 960 నిలువు పిక్సెళ్ల ఫొటోను 6 అంగుళాల పోస్టుకార్డు సైజు కాగితం మీద వేయిస్తే అంగుళానికి 210 పైచిలుకు చుక్కలు వస్తాయి. 1600 పిక్సెళ్ల ఫొటో అయితే 260 పైచిలుకు. ఆల్బం ఒళ్లో పెట్టుకుని చూసే దూరంలో ఈ తేడా కనిపెట్టగలిగేవారు ఉంటారు, వాళ్లు ఫొటోలోని మనుషులను చూడరు. గోడకు తగిలించే పెద్ద ప్రింటుకు రెండూ చాలవు. ఇక కంప్యూటర్ తెర సంగతి. అప్పట్లో ఇళ్లలో ఎక్కువగా ఉన్నవి 1024 పిక్సెళ్ల వెడల్పు తెరలు. క్యాసియో ఫొటోయే వాటిలో పట్టేది కాదు. 12 లక్షలా, 20 లక్షలా అన్న గొడవ దుకాణంలో బల్ల ముందు పుట్టి అక్కడే చచ్చిపోయే గొడవ.

నా వాదనకు పెద్ద దెబ్బ కొట్టింది క్యాసియోనే. ఈఎక్స్-ఎస్1 వచ్చి ఏడాది తిరగకుండానే, 2003లో, ఈఎక్స్-జడ్3 అనే తమ్ముణ్ని దించింది. 32 లక్షల పిక్సెళ్లు, 3 రెట్ల జూమ్, ఆటోఫోకస్, వెనక 2 అంగుళాల తెర. పెంటాక్స్ తయారుచేసిన లెన్సు అది. లోపలికి ముడుచుకునేటప్పుడు కొన్ని బిళ్లలు పక్కకు జరిగి నిలబడే చమత్కారం అందులో ఉంది. అదే లెన్సుతో పెంటాక్స్ ఆప్టియో ఎస్ కూడా వచ్చింది. 2004లో ఈఎక్స్-ఎస్100 దగ్గరికి వచ్చేసరికి పలచదనానికే పుట్టిన ఎస్ వరసలోకి కూడా జూమ్ దూరింది. పారదర్శకమైన సిరామిక్‌తో ఒక లెన్సు బిళ్ల చేసి మరీ దూర్చారు. అంటే కొనేవాళ్లకు జూమ్ కావాలి, క్యాసియో ఆ మాట విన్నది. దీనికి నా దగ్గర ఒకటే సమాధానం. మనుషులు కొనేటప్పుడు చూసేది ఒకటి, కొన్నాక వాడేది ఇంకొకటి. దుకాణంలో జూమ్ మీటను నాలుగుసార్లు నొక్కి మురిసిపోనివారు ఎవరు? ఇంటికి వచ్చాక తీసేవన్నీ మాత్రం బల్ల చుట్టూ కూర్చున్న మనుషుల ఫొటోలే, రెండు మూడు మీటర్ల దూరం నుంచి.

ఈ మాట ఊరికే అనడం లేదు. తర్వాత జరిగిన చరిత్ర చూడండి. జపాన్‌లో 2000 నవంబరులోనే షార్ప్ సంస్థ జే-ఎస్‌హెచ్04 అనే కెమెరా ఫోను తెచ్చింది. దాని కెమెరా 0.11 మెగాపిక్సెల్. మన ఊళ్లలో కెమెరా ఫోను అంటే గుర్తొచ్చే నోకియా 6600కు ఉన్నది 0.3 మెగాపిక్సెల్, అదీ బిగించిన లెన్సే. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్ కెమెరా 2 మెగాపిక్సెళ్లు. జూమ్ లేదు, ఫోకస్ లేదు, ఫ్లాష్ కూడా లేదు. క్యాసియో 2002లో ఒప్పుకున్న బేరం సరిగ్గా ఇదే. జూమ్ వద్దు, ఫోకస్ వద్దు, ఎప్పుడూ దగ్గర ఉంటే చాలు, తీయగానే పడితే చాలు. ఫోన్లవాళ్లు క్యాసియోను చూసి నేర్చుకున్నారని నేను అనడం లేదు. వాళ్లకు ఫోనులో ఉన్న చోటే అంత. కానీ ఆ బేరం జనానికి సమ్మతమేనా అన్న ప్రశ్నకు జనమే జవాబు చెప్పారు. జూమ్ ఉన్న కెమెరాను బీరువాలో వదిలేసి, జూమ్ లేని ఫోనుతో ఫొటోలు తీసుకున్నారు. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం లెక్కల ప్రకారం 2010లో ప్రపంచమంతటికీ రవాణా అయిన డిజిటల్ కెమెరాలు 12 కోట్ల పైచిలుకు. అందులో లెన్సు మార్చడానికి వీల్లేని చిన్న కెమెరాలే 10 కోట్లకు పైన. 2023లో ఆ చిన్న కెమెరాలు సుమారు 17 లక్షలు.

మినోల్టా ఆలోచన మాత్రం పోలేదు, పైగా ఆలస్యంగా గొప్పగా తిరిగి వచ్చింది. సోనీ 2003 చివర్లో డీఎస్‌సీ-టీ1తో ఈ మడత లెన్సు దారి పట్టి, టీ వరసను ఏళ్ల తరబడి నడిపింది. ఫోన్లలో 2015లోనే ఆసుస్ జెన్‌ఫోన్ జూమ్ ఈ పని చేసింది. 2019లో హువావే పీ30 ప్రో 5 రెట్ల పెరిస్కోప్ లెన్సుతో, అంటే ఈ మడత లెన్సుతోనే, వచ్చాక అందరూ అటే నడిచారు. 2023 ఐఫోన్ 15 ప్రో మ్యాక్స్‌లో దూరపు లెన్సు 120 మిల్లీమీటర్లకు సమానం, వెలుగును గాజులో పలుమార్లు మళ్లించి సాధించినది. డిమాజ్ ఎక్స్ చివరి కొస 111. ఇరవై ఒక్క సంవత్సరాల తర్వాత ఇంచుమించు అదే చోటికి వచ్చి నిలబడ్డారన్నమాట. ఫోన్ల ప్రకటనల్లో పెరిస్కోప్ అన్న మాట కనిపించినప్పుడల్లా ఆ వెండి బిళ్లే నాకు గుర్తొస్తుంది. అయితే ఒకటి గమనించండి. ఒకే లెన్సున్న ఆ ఆసుస్‌ను పక్కన పెడితే, ఈ ఫోన్లలో మడత లెన్సు రెండోదో మూడోదో. జేబులోంచి తీయగానే తెరుచుకునేది ఇప్పటికీ జూమ్ లేని వెడల్పాటి లెన్సే. మినోల్టా వారసత్వం పక్కన ఒక గదిలో ఉంది, ముందు తలుపు క్యాసియోది.

ఈ రెండు సంస్థలకూ ఆ ఇంట్లో చోటు దక్కలేదు. మినోల్టా 2003లో కోనికాతో కలిసింది. 2006 జనవరిలో కోనికా మినోల్టా కెమెరాల వ్యాపారం మానేస్తున్నట్టు ప్రకటించి, ఎస్ఎల్ఆర్ ఆస్తులను సోనీకి అప్పగించింది. క్యాసియో ఇంకొంత కాలం లాక్కొచ్చి 2018 మే నెలలో చిన్న కెమెరాలకు స్వస్తి చెప్పింది. కాలిక్యులేటర్లు, గడియారాలు ఇప్పటికీ చేస్తోంది.

ఈ మధ్య పాత డిజిటల్ కెమెరాల మీద కుర్రకారుకు మోజు పుట్టింది. సీసీడీ రంగులు వేరు, అందులో ఏదో మాయ ఉంది అంటున్నారు. రంగులు తేల్చేది సెన్సరు ముందున్న వడపోత గాజు, వెనకున్న లెక్కలు. సీసీడీ అన్న మూడక్షరాల్లో మాయ ఏమీ లేదు. ఎదురుగా పేలిన ఫ్లాష్, నల్లగా మునిగిపోయిన వెనక గోడ, కాస్త ఎక్కువైన చర్మపు ఎరుపు, వీటినే ముచ్చటపడి మాయ అంటున్నారు. ముచ్చటపడనివ్వండి, ఎవరి సొమ్ము పోయింది? కొనేముందు మాత్రం కొన్ని చూసుకోవాలి. రెండు కెమెరాలూ 2006కు ముందువి కాబట్టి ఇప్పుడు దుకాణాల్లో దొరికే పెద్ద కార్డులను గుర్తుపట్టవు. 2 జీబీ దాటని పాత ఎస్‌డీ కార్డు వెతుక్కోవాలి. అసలు బ్యాటరీలు ఈపాటికి ఉబ్బిపోయి ఉంటాయి, వేరేవాళ్లు చేసినవే గతి. క్యాసియోకు ఎన్‌పీ-20, మినోల్టాకు ఎన్‌పీ-200 అని అడగాలి. క్యాసియో చార్జింగ్ అంతా దాన్ని నిలబెట్టే క్రేడిల్ మీదే. అది లేకుండా కెమెరా ఒక్కటే అమ్ముతుంటే ధర సగానికి అడగండి. చార్జరు విడిగా కొనుక్కోవాలి మరి.

కొన్నాక క్యాసియోవారు ఎదుటి మనిషికి ఒక మీటరు వెనక్కి జరగండి. మినోల్టావారు వేలు తీయండి.